ఇటుక గోడలు, నూర్పిడి కొట్టాలు, గుర్రపుశాలలు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఇంగ్లండ్ పల్లెల్లోని పాత వ్యవసాయ కట్టడాల గురించి గత సంచికలో రాసిన తరువాత వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఇటుకతో కట్టిన బార్న్‌ల (నూర్పిడి కొట్టాల) గురించి, వాటి పక్కనే ఉండే గుర్రపుశాలల గురించి ఉన్నాయి. ఒకే విషయాన్ని అడిగిన ఉత్తరాలను కలిపి జవాబులు ఇస్తున్నాము.

ప్రశ్న: మేము బేసింగ్‌స్టోక్‌లో ఉంటాము. పక్కనే ఉన్న ఓల్డ్ బేసింగ్‌లో గ్రేట్ బార్న్ చూశాము. ధాన్యం దాచుకోవడానికి అంత ఎత్తు, అంత పొడవు ఎందుకు? ఇటువంటి బార్న్‌లలో పొడవు గోడలకు ఎదురెదురుగా అంత పెద్ద తలుపులు ఎందుకు పెడతారు? ఓక్ చెట్లకు పేరుపడిన దేశంలో ఇటుకతో ఎందుకు కట్టారు?
– ఒక పాఠకురాలు, బేసింగ్‌స్టోక్, ఇంగ్లండ్

జవాబు: బార్న్ ధాన్యం దాచే గాదె కాదని ముందుగా తెలుసుకుంటే మిగిలిన సంగతులు తేలికగా అర్థమవుతాయి. అది కోసిన పంటను పనలుగానే పేర్చి ఉంచి, శీతకాలమంతా కొద్దికొద్దిగా నూర్చుకునే కొట్టం. నూర్చిన గింజలకు వేరే గాదె ఉండేది. ఎలుకలు ఎక్కకుండా చాలాచోట్ల దానిని పుట్టగొడుగు ఆకారంలో చెక్కిన రాతి దిమ్మెల మీద నిలబెట్టేవారు. పనలు గింజల కంటే ఎన్నో రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తాయి కనుక బార్న్‌కు ఆ ఎత్తు, ఆ పొడవు అవసరమయ్యాయి.

మన డెల్టా ప్రాంతాలలో సార్వా వరి కోతకు వచ్చే నాటికి వానలు వెనుకబడతాయి కాబట్టి ఆరుబయట కళ్లం చేసి, కుప్ప వేసి, ఎండలోనే నూర్చుకోగలిగేవారు (తుఫాను వచ్చిన ఏడు సంగతి వేరు). ఇంగ్లండ్‌లో గోధుమ, బార్లీ కోతలు ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో సాగుతాయి. ఆ వెంటనే వచ్చేది తడి కాలం, దాని వెనుక సుదీర్ఘమైన చలికాలం. పంటను కప్పు కిందికి చేర్చక తప్పదు, కప్పు కిందనే నూర్చక తప్పదు. కళ్లం ఇంటి లోపలికి వచ్చిందంటే మీరు చూసిన కట్టడం యొక్క నమూనా మొత్తం అర్థమైనట్టే.

ఇటువంటి కట్టడాన్ని అంకణాల లెక్కన చూడాలి. దూలాల జతకూ జతకూ మధ్య ఉన్న భాగం ఒక అంకణం. ఎదురెదురు తలుపుల మధ్య ఉన్న అంకణమే కళ్లం. దాని నేలను ఓక్ పలకలతోనో, రాతి బండలతోనో, గట్టిగా దిమ్మిస కొట్టిన మట్టితోనో గట్టిపరిచేవారు. దానికి రెండు వైపులా ఉన్న అంకణాలలో పనలు కప్పు వరకు పేర్చేవారు. పనలతో నిండిన బండి ఒక వైపు ఎత్తైన తలుపుల గుండా నేరుగా లోపలికి వచ్చి, సరుకు దించుకుని, ఎదుటి తలుపు గుండా వెళ్లిపోయేది. బయటికి వెళ్లేది ఖాళీ బండి కనుక చాలా బార్న్‌లలో ఆ రెండవ తలుపు ఎత్తు తక్కువగా ఉంటుంది. నూర్పిడి రోజున రెండు తలుపులనూ తెరిస్తే వాటి మధ్య గాలి పారేది. ఆ గాలిలోనే తూర్పారబట్టేవారు. తలుపుల ద్వారా వెలుతురు కూడా వచ్చేది. నూర్చే మనిషి రెండు కర్రలను తోలుతో కలిపి కట్టిన నూర్పిడి కర్రను తల మీదుగా తిప్పి కొట్టాలి కనుక, ఆ అంకణంలో దూలాలు అడ్డం రాని ఎత్తులో ఉండాలి. తలుపు వెడల్పు బండిని బట్టి, కప్పు ఎత్తు మనిషి చేతిని బట్టి కుదిరాయి; అందం కోసం వేసిన కొలతలు ఇందులో చాలా తక్కువ.

ఇక ఇటుక సంగతి. రోమన్లు వెళ్లిపోయిన తరువాత ఇంగ్లండ్‌లో ఇటుక తయారీ దాదాపుగా ఆగిపోయింది. మధ్యయుగంలో, సముద్రానికి అవతలి నెదర్లాండ్స్ ప్రాంతంతో వ్యాపారం ఎక్కువగా ఉన్న తూర్పు జిల్లాలలో అది తిరిగి మొదలైంది. సఫోక్‌లోని లిటిల్ వెన్‌హామ్ హాల్, 13వ శతాబ్దం చివరి నాటిది, ఆ తొలి ఇటుక ఇళ్లలో ఒకటి. 15వ శతాబ్దం నాటికి ఇటుక సంపన్నుల వస్తువుగా మారింది; ట్యూడర్ రాజుల కాలానికి (1485–1603) అది హోదాకు గుర్తు. ఓల్డ్ బేసింగ్ బార్న్ 1535 నాటిది. దానిని కట్టించిన విలియం పాలెట్ 8వ హెన్రీ ఆస్థానంలో ఎదుగుతూ వచ్చిన అధికారి. తరువాత వించెస్టర్ మార్క్విస్ అయ్యాడు. పక్కనే ఇటుకతో మహాసౌధం లేస్తున్నప్పుడు పొలం కొట్టం కూడా అదే ఇటుకతో కట్టించడంలో కొంత దర్పం, కొంత సౌకర్యం ఉన్నాయి. అంత పెద్ద పనులకు సాధారణంగా దగ్గరలోనే మట్టి తవ్వి, అక్కడే బట్టీ పెట్టి ఇటుక కాల్చేవారు కనుక రవాణా భారం ఉండేది కాదు. ఎండు పనలు నిండిన కట్టడానికి నిప్పు భయం ఎక్కువ. బయటి మంట చెక్క గోడను అంటుకున్నంత సులువుగా ఇటుక గోడను అంటుకోదు. అయితే ఓక్‌ను వదులుకున్నారని అనుకోకండి. ఇటువంటి బార్న్‌లలో గోడలు మాత్రమే ఇటుకవి. తల ఎత్తి చూస్తే కప్పును మోసే దూలాలు, వాసాలు ఓక్‌వే.

ఆ బార్న్ నేటికీ నిలిచి ఉండడం విశేషం. 17వ శతాబ్దంలో రాజుకూ పార్లమెంటుకూ మధ్య జరిగిన అంతర్యుద్ధంలో పాలెట్ వంశీకులు రాజు పక్షం వహించారు. 1643 నవంబరులో పార్లమెంటు సేనాని వాలర్ దాడి చేసినప్పుడు ఈ పొలం కొట్టాల దగ్గరే హోరాహోరీగా పోరాటం జరిగింది. 1645 అక్టోబరు 14న పార్లమెంటు పక్షానికే చెందిన క్రామ్‌వెల్ సేనలు సౌధాన్ని పట్టుకున్నాయి. అక్కడ బందీలుగా చిక్కినవారిలో ఆనాటి ప్రసిద్ధ వాస్తుశిల్పి ఇనిగో జోన్స్ కూడా ఉన్నాడు. సౌధం శిథిలమైంది, పంట దాచే కొట్టం మిగిలింది.

ప్రశ్న: ఇంగ్లండ్ ఇటుక బార్న్‌ల గోడలలో సన్నని నిలువు చీలికలు కనిపిస్తాయి. కోటలలో బాణాలు వేసే రంధ్రాల వంటివేనా అవి? కొన్నిచోట్ల వజ్రాకారంలో, శిలువ ఆకారంలో కూడా రంధ్రాలున్నాయి. త్రికోణపు గోడ పైభాగంలో ఉండే చిన్న కన్నం దేనికి?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, నెల్లూరు

జవాబు: ఆకారం కోటను తలపించినా అవి గాలి కోసం పెట్టినవే. పూర్తిగా ఆరని పనలను దట్టంగా పేర్చితే లోపల వేడి పుడుతుంది. బూజు పట్టడం దాని తొలి ఫలితం, ఒక్కొక్కసారి దానంతట అదే నిప్పు అంటుకోవడం చివరి ఫలితం. గోడకు కిటికీలు పెడితే వాన లోపలికి కొడుతుంది, గోడ బలమూ తగ్గుతుంది. అందుచేత బయట వేలెడంత సన్నగా, లోపలికి వచ్చేకొద్దీ వెడల్పుగా ఉండే చీలికలు పెట్టారు. బయటి వైపు సన్నదనం వానను ఆపుతుంది. లోపలి వెడల్పు గాలిని, వెలుతురును పరుస్తుంది.

చెక్క గోడలకు పలకల సందుల్లోంచి గాలి దానంతట అదే ఆడుతుంది కనుక ఈ ఏర్పాటు ఇటుక, రాతి గోడలకే అవసరమైంది. ఇటుకలో దీనికి ఒక సౌలభ్యం ఉంది: వరుసలో అక్కడక్కడా ఒక ఇటుకను వదిలేస్తే రంధ్రం సిద్ధం. ఏ ఇటుకను వదలాలనేది మేస్త్రీ ఇష్టం. చెషైర్, స్టాఫోర్డ్‌షైర్, ష్రాప్‌షైర్ ప్రాంతాలలోని 18, 19 శతాబ్దాల బార్న్‌లలో మీరు చెప్పిన వజ్రాలు, శిలువలు, త్రికోణాలు అలా పుట్టినవే. మన వైపు మిద్దె పిట్టగోడలకు జాలీ పెట్టించుకునే అలవాటు ఉన్నవారికి ఆ మేస్త్రీల సరదా వెంటనే అర్థమవుతుంది.

త్రికోణపు గోడ పైన ఉన్న కన్నం గుడ్లగూబ కోసం. తెల్లని ముఖం గల బార్న్ గుడ్లగూబ లోపల గూడు పెట్టుకుని ఎలుకలను, చుంచులను పట్టి తింటుంది. మనవాళ్లు ఇంటి మీద వాలితేనే కీడు శంకించే పక్షికి అక్కడి రైతు గోడ కట్టేటప్పుడే దారి విడిచిపెట్టాడు.

ప్రశ్న: నేను సివిల్ డిప్లొమా చదువుతున్నాను. ఇంగ్లిష్ బాండ్, ఫ్లెమిష్ బాండ్ మా పాఠాలలో ఉన్నాయి. గోడలో ఇటుక పేర్చిన తీరును చూసి పాత బార్న్ ఏ కాలం నాటిదో చెప్పవచ్చా?
– ఒక విద్యార్థి, కాకినాడ

జవాబు: ఊహించవచ్చు, తీర్పు చెప్పకూడదు. ఒక వరుస అంతా ఇటుకల పొడవు వైపు, దాని మీది వరుస అంతా ఇటుకల చివరలు కనిపించేలా పేర్చే ఇంగ్లిష్ బాండ్ ట్యూడర్ కాలపు కట్టడాలలో ప్రధానం. ఒకే వరుసలో పొడవు, చివర మార్చి మార్చి వచ్చే ఫ్లెమిష్ బాండ్ 17వ శతాబ్దంలో వ్యాపించింది. లండన్ శివారులో 1631లో కట్టిన క్యూ ప్యాలెస్ దాని తొలి ఉదాహరణలలో ఒకటి. పొలం కట్టడాలలో మాత్రం మూడో ఐదో పొడవు వరుసలకు ఒక చివరల వరుస వేసే చౌక పద్ధతి ఎక్కువగా కనిపిస్తుంది, ఎందుకంటే బయటికి కనిపించే మంచి ఇటుక దానిలో తక్కువ పడుతుంది. ఇల్లు ఫ్లెమిష్ బాండ్‌లోనూ, దాని వెనుక కొట్టం ఈ చౌక పద్ధతిలోనూ ఉంటే అది కాలభేదం కావచ్చు, యజమాని లెక్క కూడా కావచ్చు. పైగా బలం కావలసిన చోట ఇంగ్లిష్ బాండ్‌ను 19వ శతాబ్దపు రైల్వే పనులలోనూ వాడారు.

ఇటుక కొలతలు మరికొంత సాయం చేస్తాయి. ట్యూడర్ ఇటుకలు పలచన, రెండు రెండుంపావు అంగుళాల మందం. చేతితో అచ్చుపోసినవి కనుక అంచులు వంకర. అమెరికా వలసలతో జరిగిన యుద్ధపు అప్పులు తీర్చడానికి 1784లో ఇటుకల మీద పన్ను వేశారు. పన్ను వెయ్యి ఇటుకల లెక్కన ఉండేసరికి కొందరు తయారీదారులు ఇటుక పరిమాణాన్నే పెంచేశారు. ప్రభుత్వం 1803లో 150 ఘనపు అంగుళాలు మించిన వాటికి రెట్టింపు పన్ను విధించి ఆ ఎత్తుగడను దెబ్బ తీసింది. ఆ పన్ను 1850 వరకు కొనసాగింది. అసాధారణంగా లావైన ఇటుక గోడలో కనిపిస్తే ఈ కాలాన్ని అనుమానించడం సబబే.

ట్యూడర్ గోడ మీద వజ్రాల వల వంటి నల్లని గీతలు కనిపిస్తే అవి రంగు వేసినవి కావు. కట్టెల బట్టీలో మంటకు దగ్గరగా ఉన్న ఇటుకల చివరలు బూడిదలోని పొటాష్ వల్ల గాజు పూత పూసినట్టు నీలి బూడిద రంగుకు తిరుగుతాయి. వాటిని పారేయకుండా ఏరి పెట్టి, ఆ చివరలు బయటికి వచ్చేలా అమర్చి నమూనా తీసేవారు.

ఒక హెచ్చరిక: ఇటుక వయసు, గోడ వయసు ఒకటి కానక్కరలేదు. పైన చెప్పిన బేసింగ్ సౌధం పతనమైన మరునాడే, దానిని పడగొట్టి ఆ సామగ్రిని ఎవరైనా తీసుకుపోవచ్చునని పార్లమెంటు దిగువ సభ తీర్మానించింది. అటువంటి ఊళ్లలో వంద రెండు వందల ఏళ్ల తరువాత లేచిన గోడలో కూడా ట్యూడర్ ఇటుక ఉండవచ్చు. కనుక గోడను చూసిన తరువాత కప్పు చూడాలి. దూలాల అతుకులు, మేకుల జాడలు, చెక్కలోని వార్షిక వలయాలను లెక్కించి తేల్చిన తేదీ ఇటుక కంటే నమ్మదగిన సాక్ష్యం.

ప్రశ్న: చెషైర్‌లోని పీవర్ హాల్ గుర్రపుశాల ఫొటోలు చూశాను. గుర్రాలు నిలబడే చోట చెక్కిన స్తంభాలు, తోరణాలు, పైన నగిషీల సున్నపు కప్పు! పొలం గుర్రాలకు కూడా ఇలాగే కట్టేవారా?
– ఒక పాఠకుడు, హైదరాబాదు

జవాబు: పొలం గుర్రానికి ఆ భాగ్యం లేదు. పీవర్ గుర్రపుశాల 1654 నాటిది. ఎలెన్ మెయిన్వారింగ్ అనే తల్లి తన కుమారుడు థామస్‌కు కానుకగా కట్టించింది. బయటికి ఇటుక కట్టడంగానే కనిపిస్తుంది. లోపల ఒక్కొక్క గుర్రం నిలిచే గదిని వేరుచేసే చోట టస్కన్ పద్ధతి (ప్రాచీన రోమన్ శైలి) స్తంభాలు, వాటిని కలిపే చెక్క తోరణాలు, నగిషీ సున్నపు కప్పు ఉన్నాయి. సవారీ గుర్రం ఆనాటి పెద్దమనిషి ఆస్తులలోకెల్లా విలువైనది, పదిమందికీ చూపించదగినది. అతిథి దిగగానే చూసేది గుర్రపుశాలనే కనుక దానికి ఇంటికి దీటైన అలంకారం దక్కింది. రాజులు ముందే దారి చూపారు: 8వ హెన్రీ 1536లో హాంప్టన్ కోర్ట్ రాజభవనం దగ్గర నడుమ పెరడు విడిచి నాలుగు వైపులా ఇటుకతో కట్టించిన గుర్రపుశాల అందుకు ఉదాహరణ. అదే కాలపు బేసింగ్ బార్న్‌తో పోల్చి చూస్తే, ఇటుకను ఎవరు ఎందుకు కోరుకున్నారో తెలుస్తుంది.

నా మటుకు నాకు పొలం పని చేసే గుర్రాల శాలే ఎక్కువ ఆసక్తికరం, ఎందుకంటే దానిలో ప్రతి వివరానికీ జంతువే కారణం. ఎద్దుల కొట్టం కంటే దాని కప్పు ఎత్తు, ఎందుకంటే గుర్రం తల విసురుతుంది. ఇటుక గోడ దాని తన్నులను తట్టుకుంటుంది, కడగడానికి వీలుగా ఉంటుంది. తలుపు అడ్డంగా రెండు రెక్కలుగా ఉంటుంది. కింది రెక్క వేసి పై రెక్క తెరిస్తే గుర్రం బయటికి పోదు, గాలి మాత్రం లోపలికి వస్తుంది. ఒక్కొక్క గుర్రానికి సుమారు 6 అడుగుల వెడల్పున అరలు; అరను విడదీసే పలక గుర్రం తల వైపు ఎత్తుగా, వెనుక వైపు తగ్గుగా ఉంటుంది, పక్క గుర్రాన్ని కరవకుండా. తల వైపు గోడకు ఎండుగడ్డి పెట్టే కమ్మీల చట్రం, దాని కింద దాణా తొట్టి. నేల వెనుక వైపుకు కొద్దిగా వాలు. మూత్రం కాలువలోకి పారిపోవాలి, లేకపోతే దాని ఘాటు గుర్రం కళ్లను, ఊపిరితిత్తులను దెబ్బ తీస్తుంది. 19వ శతాబ్దంలో ఇక్కడ స్టాఫోర్డ్‌షైర్ నీలి ఇటుకలు వచ్చాయి: చాలా గట్టివి, నీరు పీల్చనివి, డెక్కలు జారకుండా పైన గాళ్లు తీసినవి. ఏ పాడుబడిన కొట్టంలోనైనా నేల మీద ఆ గాళ్ల ఇటుకలు కనిపిస్తే అక్కడ గుర్రాలు నిలిచాయని దాదాపుగా చెప్పవచ్చు.

పైన అటక మీద ఎండుగడ్డి దాచేవారు. బయటి గోడలో పై ఎత్తున ఉండే గుండ్రని కన్నమో చిన్న తలుపో బండి మీది నుంచి గడ్డిని పైకి విసరడానికి. అటక నేలలో ఉన్న సందు గుండా గడ్డి నేరుగా కింది చట్రంలోకి జారేది. పని తేలిక, కానీ కింది తడి ఆవిరి పైన గడ్డిని పాడుచేస్తుందని, పై దుమ్ము గుర్రం కళ్లలో పడుతుందని 19వ శతాబ్దపు నిపుణులు దీన్ని తప్పుపట్టారు. అందుకే తరువాతి గుర్రపుశాలల కప్పు మీద గాలి పోయే చెక్క గోపురం వెలిసింది. దానికి ఒక గడియారం తగిలించడం గొప్పింటివారి ముచ్చట. జీను, కళ్లాలు పెట్టే గది పక్కన వేరుగా, పొయ్యితో సహా ఉంటుంది, చెమ్మకు తోలు బూజు పట్టకుండా.

గుర్రపుశాల బార్న్‌కు ఆనుకుని పెరిగిన సందర్భం ఇంకొకటి ఉంది. 1786లో స్కాట్లండ్‌కు చెందిన ఆండ్రూ మెయికిల్ నూర్పిడి యంత్రం తయారుచేశాక, దానిని తిప్పడానికి గుర్రాలు గుండ్రంగా నడిచే చిన్న కప్పు మండపాలు బార్న్ గోడకు అతుక్కుని వచ్చాయి. శీతకాలపు నూర్పిడి కూలి పోయిన పనివారు 1830లో కెంట్‌లో మొదలుపెట్టి దక్షిణ ఇంగ్లండ్ అంతటా ఆ యంత్రాలను పగలగొట్టారు. యంత్రమే నిలిచింది, కళ్లపు అంకణానికి మాత్రం పని లేకుండా పోయింది.

ప్రశ్న: ఇటుక గోడల మీద గడ్డి కప్పు వేసిన బార్న్‌లు ఉన్నాయంటే నమ్మవచ్చా?
– ఒక గృహిణి, ఖమ్మం

జవాబు: నమ్మవచ్చు. నార్ఫోక్‌లో 7వ హెన్రీ అటార్నీ జనరల్ సర్ జేమ్స్ హోబర్ట్ కట్టించిన హేల్స్ హాల్ బార్న్ దాదాపు 180 అడుగుల పొడవున్న ఇటుక కట్టడం. దాని కప్పు గడ్డిదే. ఆ జిల్లా చిత్తడి నేలల్లో రెల్లు పుష్కలం.

ప్రశ్న: ఇంగ్లండ్‌లో స్థిరపడిన మా అబ్బాయి పాత ఇటుక బార్న్, గుర్రపుశాల కలిసి ఉన్న స్థలాన్ని కొని ఇల్లుగా మార్చుకోవాలని చూస్తున్నాడు. గోడల సందులు రాలిపోతుంటే సిమెంటుతో పూడ్చమని ఒక మేస్త్రీ సలహా ఇచ్చాడట. సరైనదేనా?
– ఒక తండ్రి, విజయవాడ

జవాబు: సిమెంటు వద్దని వెంటనే చెప్పండి. పాత ఇటుక మెత్తన; దానిని సున్నంతో కట్టారు. గోడలో చేరిన తడి సున్నపు సందుల గుండా ఆరిపోతుంది. సందులను సిమెంటుతో బిగిస్తే తడికి ఇటుక తప్ప దారి ఉండదు. చలికాలంలో ఆ నీరు గడ్డకట్టి ఉబ్బి ఇటుక ముఖాన్ని పెచ్చులుగా ఊడదీస్తుంది. సందు రాలిపోవడం మరమ్మతుకు లొంగే నష్టం. ఇటుక పెచ్చులూడిపోవడం అలా లొంగదు. సున్నపు పని తెలిసిన మేస్త్రీని వెతకాలి. విలియం మోరిస్ 1877లో స్థాపించిన ప్రాచీన కట్టడాల రక్షణ సంఘం ఇటువంటి మరమ్మతులపై నేటికీ సలహాలిస్తుంది.

కొనకముందే ఆ కట్టడం రక్షిత జాబితాలో ఉందేమో స్థానిక కౌన్సిల్‌లో విచారించమనండి. ఉంటే బయటి మార్పుకే కాదు, లోపలి మార్పుకూ అనుమతి కావాలి. అనుమతి లేకుండా చేయడం నేరం. వ్యవసాయ కట్టడాలను ఇళ్లుగా మార్చుకోవడానికి 2014లో ఇచ్చిన సులభ పద్ధతి జాబితా కట్టడాలకు వర్తించదు. జాబితాలో ఉన్న ఇంటి ఆవరణలో 1948 జులై 1కి ముందు నుంచి ఉన్న కొట్టాలకు కూడా సాధారణంగా ఆ రక్షణే వర్తిస్తుంది. చాలామంది కొనుగోలుదారులు ఇక్కడే చిక్కుకుంటారు. గబ్బిలాలు, గుడ్లగూబలు ఉన్నాయేమో కూడా చూడాలి. 1981 నాటి వన్యప్రాణి చట్టం వాటిని కాపాడుతుంది. నార్ఫోక్‌లో చెకుముకి రాయి, ఇటుకలతో 1581లో కట్టిన పాస్టన్ బార్న్, అరుదైన గబ్బిలాల కాన్పుల స్థావరం కావడం వల్ల, జాతీయ ప్రకృతి సంరక్షణ ప్రదేశమైంది.

మార్పు విషయంలో నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ముందు గుర్రపుశాలను ఇల్లుగా మార్చుకోమనండి. అది ముందే గదులుగా విడిపోయి ఉంది, అటక ఉంది, తలుపులు, కిటికీలు ఉన్నాయి, పొగగొట్టం కూడా ఉండవచ్చు. బార్న్ అలా కాదు. నేల నుంచి కప్పు వరకు ఒకే ఖాళీగా ఉండడమే దాని స్వరూపం. అందులో రెండంతస్తుల పడకగదులు నింపి, గోడకు పది కిటికీలు కొట్టి, కప్పుకు అద్దాలు పెడితే మిగిలేది ఖరీదైన మామూలు ఇల్లు. తప్పనిసరిగా బార్న్‌లోనే ఉండాలనుకుంటే కళ్లపు అంకణాన్ని కప్పు వరకు ఖాళీగా వదలాలి, వెలుతురుకు ఎదురెదురు తలుపుల స్థానంలో అద్దం పెట్టుకోవాలి, గాలి చీలికలను ఇటుకతో మూయకుండా లోపలి వైపు నుంచి గాజు బిగించుకోవాలి. ప్లాను గీసేవారు మొదటి రోజున కిటికీల లెక్కతో మొదలుపెడితే, మరొక ఆర్కిటెక్ట్‌ను చూసుకోమని మీ అబ్బాయికి నా సలహా.